వార్డులో పుట్టిన ప్రశ్న ల్యాబ్ దాకా వెళ్లాలంటే

(చెన్నైలో తెలుగు వైద్య విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలున్నారు, హౌస్ సర్జన్లున్నారు, పీజీలున్నారు. నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లు కూడా ఉన్నారని చెప్పారు. వెనక వరసల్లో కొందరి అమ్మానాన్నలు కూర్చున్నారు. వాళ్లు రావడం నాకు చాలా సంతోషం. ఈ మాటల్లో సగం వాళ్ల కోసమే.

నన్ను మాట్లాడమన్నది వైద్యం, పరిశోధన కలిపి చదవడం గురించి. ఎండీ-పీహెచ్‌డీ అనగానే చాలామందికి పేరు వెనక అక్షరాలే గుర్తొస్తాయి. నేను పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్లు చూసే డాక్టర్ని. ఎండీ అయ్యాక పీహెచ్‌డీ చేశాను. రెండు డిగ్రీలు ఉన్నంత మాత్రాన ఎవరూ శాస్త్రవేత్త అయిపోరు. రోగి మంచం పక్కన నిలబడ్డప్పుడు మనకొక ప్రశ్న పుడుతుంది. దాన్ని ఇంకొకరికి అప్పజెప్పకుండా మనమే ల్యాబ్‌కి తీసుకెళ్లి, జవాబుతో మళ్లీ అదే వార్డుకి రావాలంటే టైము కావాలి. ఈ చదువు ఇవ్వాల్సింది ఆ టైమే. అది వయసులో ఉండగా దొరకాలి. దాని కోసం జీతం పోకూడదు, సీనియారిటీ పోకూడదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే.

చెన్నైలో, అందులోనూ తెలుగువాళ్ల మధ్య ఈ మాట ఎత్తితే యల్లాప్రగడ సుబ్బారావుగారి దగ్గర మొదలుపెట్టాల్సిందే. 1895లో భీమవరంలో పుట్టారు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న మద్రాస్ మెడికల్ కాలేజీలోనే చదివారు. జాతీయోద్యమం రోజులు, ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావాల్సిన మనిషికి ఎల్ఎంఎస్ అనే కిందిస్థాయి డిగ్రీతో సరిపెట్టారు. కొంతకాలం ఇక్కడే ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో బోస్టన్ వెళ్లారు. అక్కడ డాక్టరుగా పనిచెయ్యడానికి ఈ డిగ్రీ చెల్లలేదు. పూట గడవడానికి ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరుగా పనిచేశారు, బెడ్‌పాన్లు కడిగారు. పగలు హార్వర్డ్‌లో చదువు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో తరతరాల విద్యార్థులు దాన్ని చేశారు. 1929లో ఏటీపీ, అంటే కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థం మీద పని. పీహెచ్‌డీ వచ్చేసరికి 1930, ఆయనకి 35 ఏళ్లు.

అంటే డాక్టరై, ఆపైన పీహెచ్‌డీ చేసిన తెలుగువాడు దాదాపు వందేళ్ల కిందటే ఉన్నాడు. ఆయన మీద ఇంతసేపు ఆగడానికి ఇంకో కారణం ఉంది. నేను రోజూ వాడే మందు వెనక ఆయన ఉన్నారు.

స్ప్రూ అనే జబ్బు ఆయన తోబుట్టువుల్ని తీసుకుపోయింది. తిన్నది ఒంటబట్టకుండా, నీళ్ల విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కిపోయే జబ్బు అది. ఆయన అమెరికాలో ఉన్న రోజుల్లోనే, 1928లో, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి వచ్చే రక్తహీనత ఎందుకు వస్తోందో చూడాలని వచ్చింది. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వాళ్లకి నయమవుతోందని కనిపెట్టింది. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. లెడర్లే అనే మందుల కంపెనీలో సుబ్బారావుగారి బృందం 1945లో, స్ప్రూకి కూడా పనికొచ్చే ఆ పదార్థాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పెథాలజిస్టు ఆ రకం పదార్థాలు లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా ముదిరినట్టు కనిపించింది. మామూలుగా అయితే అక్కడ అందరూ ఆపేస్తారు. ఫార్బర్ మాత్రం ఇది క్యాన్సర్ కణాలకి మేత అయితే, ఆ మేతని అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుందని అడిగారు. సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఆయన చేతికొచ్చింది. 1948 జూన్‌లో అచ్చయిన ఆ పేపర్లో ఉన్నది 16 మంది పిల్లలు. వాళ్లలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా లుకేమియా వచ్చిన పిల్లల్ని చూస్తూ ఊరుకోవడం తప్ప చెయ్యగలిగింది లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు, 53 ఏళ్లకి. ఇండియాకి తిరిగి రానే లేదు.

ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడి లాంటిది మెథోట్రెక్సేట్. లుకేమియా మెదడుకి పాకకుండా మా వార్డులో దాన్ని వెన్నులోకి ఎక్కిస్తాం. పాపని పక్కకి తిప్పి, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకోబెడతాం. నర్సు పట్టుకుంటుంది. సిరంజిలో ఉండేది పసుపురంగు మందు. ఎంత ఎక్కించాలనేది చాలా కీమో మందుల్లా ఒంటి సైజుని బట్టి లెక్కకట్టం, వయసుని బట్టి ఇస్తాం. మూడేళ్లు దాటిన పాపకి 12 మిల్లీగ్రాములు, పదిహేనేళ్ల అబ్బాయికీ అంతే. పీజీలు మొదటిసారి చూసినప్పుడు ఆశ్చర్యపోతారు.

ఒకప్పుడు దాన్నీ ఒంటి వైశాల్యం లెక్కనే ఇచ్చేవారు. చిన్నపిల్లలకి మెదడులో జబ్బు తిరగబెట్టేది, పెద్దవాళ్లకి మందు ఎక్కువై మెదడు దెబ్బతినేది. రెండూ వార్డులో కంటికి కనిపించే విషయాలే. 1970లలో కొందరు డాక్టర్లు వెన్నునీటిలో మందు ఎంత చేరుతోందో కొలిచారు. పిల్లల ఒళ్లు చిన్నదైనా, మెదడు చుట్టూ ఉండే నీరు మూడేళ్ల వయసుకే దాదాపు పెద్దవాళ్లంత ఉంటుంది. ఒంటి సైజుని బట్టి ఇస్తే చిన్నపిల్లకి తక్కువ పడుతుంది, పెద్దవాడికి ఎక్కువవుతుంది. డోసు వయసు లెక్కకి మార్చారు. కొత్త మందు ఏమీ రాలేదు. ఉన్న మందునే సరిగ్గా ఇవ్వడం వచ్చింది. మంచి వసతులున్న చోట ఇవాళ ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారంటే, దాని వెనక ఇలాంటి ప్రశ్నలు చాలా ఉన్నాయి.

ఆ ప్రశ్న కెమిస్టుకి తట్టదు, ఆయన ఆ పాపని చూడలేదు కాబట్టి. రోజుకి వందమందిని చూసే డాక్టరుకి తట్టినా దాన్ని కొలిచే విద్య చేతిలో లేదు. రెండూ ఒక్క మనిషిలో ఉండాలి. లేదా ఒకరి భాష ఒకరికి బాగా తెలిసిన ఇద్దరు పక్కపక్కన ఉండాలి.

సుబ్బారావుగారి లాంటి పట్టుదల అందరికీ ఉండాలని కోరుకోవడం న్యాయం కాదు. రాత్రిళ్లు బెడ్‌పాన్లు కడిగి, ఇల్లూ వాకిలీ వదులుకుంటేనే పరిశోధన అంటే ఎంతమంది వస్తారు? దానికొక పద్ధతి కావాలి. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్ఐహెచ్) అలాంటి పద్ధతి పెట్టింది. మూడు వైద్య కళాశాలలతో మొదలైంది. రెండేళ్లు మెడికల్ చదువు, తర్వాత ల్యాబ్‌లోకి వెళ్లి నాలుగేళ్లు అటూ ఇటూగా పీహెచ్‌డీ, మళ్లీ వార్డుకొచ్చి మిగతా వైద్యం. అంతా కలిపి ఎనిమిదేళ్లు. ఫీజు కట్టక్కర్లేదు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఆ డబ్బు లేకపోతే మిగతాదంతా కాగితాల మీదే ఉండేది. అంత చేసినా 1979లో జేమ్స్ వైన్‌గార్డెన్ అనే డాక్టరు, పరిశోధన చేసే వైద్యులు అంతరించిపోయే జాతిలా తయారవుతున్నారని రాశారు. తర్వాత ఆయనే ఎన్ఐహెచ్‌కి డైరెక్టరయ్యారు. అంత డబ్బున్న దేశంలోనే ఆ బెంగ తప్పలేదు.

మన దగ్గర లెక్క వేరు. పద్దెనిమిదో ఏట ఎంబీబీఎస్‌లో చేరితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఎండీ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ డీఎం మూడేళ్లు. ఎక్కడా ఒక్క ఏడు పోకుండా సీట్లు వచ్చినా ముప్ఫై దగ్గర పడతాయి. మధ్యలో లాంగ్ టర్మ్ కోచింగులు మీకు తెలియనివి కావు. వీటిలో పీహెచ్‌డీ ఎక్కడ ఇరికించాలి? అమెరికాలో లాగా ఎంబీబీఎస్ మధ్యలో పెట్టాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. వాళ్ల పిల్లలు నాలుగేళ్లు డిగ్రీ చదివి మెడిసిన్‌లోకి వస్తారు. మన అబ్బాయి ఇరవయ్యో ఏట ఇంకా స్టెతస్కోపు కొత్త మోజులో ఉంటాడు. రోగిని రాత్రంతా కనిపెట్టుకుని ఉండి, తెల్లారేసరికి ఎందుకిలా అయిందని కుమిలిపోయిన అనుభవం అతనికి ఉండదు. అప్పుడు ల్యాబ్‌కి పంపితే గైడ్ ఇచ్చిన ప్రశ్న మీద పనిచేస్తాడు. ఎండీతో కలిపి గానీ, ఎండీ అవగానే గానీ పెడితే తన ప్రశ్నతో వస్తాడు.

బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఈ దారే ఎంచుకుంది. 2022 ఫిబ్రవరిలో బాగ్చీ దంపతులు, పార్థసారథి దంపతులు కలిసి ఇచ్చిన 425 కోట్ల విరాళంతో 800 పడకల ఆస్పత్రి, పీజీ వైద్య కళాశాల పెడుతున్నట్టు ప్రకటించారు. అక్కడ ఎండీ-పీహెచ్‌డీ, డీఎం-పీహెచ్‌డీ కలిపి చదివించాలన్నది ఉద్దేశం. ఇక్కడ ఐఐటీ మద్రాసులో 2023లో వైద్య శాస్త్రాల విభాగం మొదలైంది. డాక్టర్లు అక్కడ పీహెచ్‌డీ చెయ్యొచ్చు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) గురించి నేను చెప్పక్కర్లేదు. గగన్‌దీప్ కాంగ్ అక్కడే ఎండీ చేసి, 1998లో పీహెచ్‌డీ తీసుకుని, పసిపిల్లల విరేచనాల మీద పనిచేశారు. 2019లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. ఇండియాలో పనిచేస్తున్న మహిళా శాస్త్రవేత్తల్లో ఆమే మొదటివారు. ఆ వెల్లూరులోనే హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు, ఉన్న ఐదుగురికి జన్యుచికిత్స చేసి, 2024 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. రైల్లో రెండు గంటల దూరం. సెలవు రోజుల్లో గుడికి వెళ్తారు కదా, ఒకసారి ఆ డిపార్ట్‌మెంట్లు కూడా చూసి రండి.

ఇంత చెప్పాక ఒక బాధ కూడా చెప్పాలి. నేను పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు ఒక ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. సగం టైము ల్యాబ్‌కి అని నోటిమాటగా ఒప్పుకున్నారు. మందులు ఇంకా మొదలుపెట్టని ఒక పాప బోన్ మ్యారో, అంటే ఎముక మజ్జలోంచి తీసిన కణాల్ని కొన్ని వారాలుగా పెంచుతున్నాను. వాటికి తిండిగా ఉండే ద్రవాన్ని, అంటే మీడియాన్ని, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. ఒక శుక్రవారం డ్యూటీ డాక్టరు రాలేదని నన్ను వార్డులో వేశారు. శనివారం కూడా వదల్లేదు, ఆదివారం ఎమర్జెన్సీ. సోమవారం ఇంక్యుబేటర్ తలుపు తీస్తే గులాబీ రంగులో ఉండాల్సిన మీడియం పసుపుపచ్చగా మారిపోయి ఉంది. కణాలు చనిపోయాయి. అప్పటికి పాపకి చికిత్స మొదలైపోయింది, ఆ శాంపిల్ మళ్లీ రాదు. ఆ తల్లి శాంపిల్ ఇవ్వడానికి ఒప్పుకుని సంతకం పెట్టేటప్పుడు, ఇది ఇంకో బిడ్డకి పనికొస్తుందా అని అడిగింది.

అందుకే చెబుతున్నాను, టైము ఇస్తామని నోటితో చెబితే చాలదు. డ్యూటీ చార్టులో రాయాలి. ఆ రోజుల్లో వార్డు చూడటానికి ఇంకో డాక్టరు పోస్టు ఉండాలి. ఏ కాలేజీ అయినా ఎండీ-పీహెచ్‌డీ పెడుతున్నామంటే మీరు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ల్యాబ్‌లో ఉన్న రోజు నా వార్డు ఎవరు చూస్తారు? జవాబు తడుముకుంటే అక్కడ చేరొద్దు.

ఇక మన దేశంలో ప్రతి పీజీకీ ఇప్పటికే చేతిలో ఉన్న అవకాశం ఒకటుంది. థీసిస్. దాన్ని ఎలా చేస్తున్నామో అందరికీ తెలుసు. సీనియర్ థీసిస్ తీసుకుని ఊరి పేరు మార్చడం, ఆఖరి నెలలో స్టాటిస్టీషియన్ చుట్టూ తిరగడం, బైండింగ్ షాపులో రాత్రి జాగరణ. నాకు ఇది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎందుకంటే ఈ ఊళ్లోనే ఒక ఎండీ థీసిస్ దేశ చరిత్రని మార్చింది.

1980ల నడుమ మద్రాస్ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీలో సెల్లప్పన్ నిర్మల అనే పీజీ ఉండేవారు. ప్రొఫెసర్ సునీతి సోలమన్ ఆమెకి ఇచ్చిన అంశం, మన దగ్గర ఎయిడ్స్ వైరస్ ఉందేమో వెతకమని. ఇది విదేశీ రోగం, మనకెందుకు వస్తుందని నవ్వే రోజులవి. నిర్మల రిమాండ్ హోమ్‌కి వెళ్లి, అక్కడ ఉంచిన సెక్స్ వర్కర్లతో మాట్లాడి, 80కి పైగా రక్త నమూనాలు సేకరించారు. గ్లోవ్స్ లేవు. సీరం వేరుచేసి ఇంట్లో ఫ్రిజ్‌లోనే దాచారు. మద్రాసులో ఆ పరీక్ష లేదు. 1986 ఫిబ్రవరిలో భర్తతో కలిసి ఐస్ బాక్సులో నమూనాలు పెట్టుకుని రాత్రి రైల్లో వెల్లూరు వెళ్లారు. అక్కడ జేకబ్ జాన్‌గారి ల్యాబ్‌లో పరీక్ష చేస్తే ఆరు నమూనాలు పసుపురంగుకి తిరిగాయి, అంటే వాటిలో వైరస్ జాడ ఉందన్నమాట. అమెరికాలో మళ్లీ పరీక్షించి ఖాయం చేశారు. ఇండియాలో హెచ్ఐవీ ఉందని తెలిసింది అలా. ఆ తర్వాత రక్తదానాల మీదా ప్రచారం మీదా ప్రభుత్వాలు కదిలాయి.

సునీతి సోలమన్‌గారు ఆ తర్వాత జీవితమంతా హెచ్ఐవీ రోగులకే ఇచ్చారు. నిర్మలగారు థీసిస్ ఇచ్చి, పరీక్ష పాసై, గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగంలో చేరారు. ఆమె పేరు ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? అంత పని చేసిన పీజీని పట్టుకుని, రామ్మా, ఇదిగో నాలుగేళ్ల ఫెలోషిప్, దీన్నే పీహెచ్‌డీగా ముందుకి తీసుకెళ్లు అనే ఏర్పాటు మనకి అప్పుడు ఉండి ఉండాల్సింది. ఇప్పుడైనా ప్రతి కాలేజీలో ఉండాలి. ఏటా వచ్చే థీసిస్‌లలో నిజంగా ప్రశ్న ఉన్నవాటిని ఏరి, ఆ పిల్లల్ని నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకోవాలి. ఎంట్రెన్సు ర్యాంకు కన్నా అది నమ్మదగిన కొలబద్ద అని నా నమ్మకం.

ఇప్పుడు అమ్మానాన్నలతో రెండు మాటలు. పొలం అమ్మో, అప్పు చేసో చదివించినవాళ్లు మీలో ఉంటారు. పిల్లకి ముప్ఫై వస్తున్నాయి, పెళ్లి ఎప్పుడు, క్లినిక్ ఎప్పుడు అనే మీ టెన్షన్‌లో తప్పేమీ లేదు. 2023లో పెంచాక కూడా, పీహెచ్‌డీ మొదలుపెట్టిన జూనియర్ రిసెర్చ్ ఫెలోకి నెలకి 37,000 రూపాయలు. ఎండీ అయిన మనిషి బయట దానికి ఎన్నో రెట్లు సంపాదించగలదు. ఆ తేడాని పిల్లల త్యాగంతోనో మీ త్యాగంతోనో పూడ్చమనడం ప్రభుత్వానికి తగదు. పీహెచ్‌డీ చేస్తున్న డాక్టరుకి కనీసం సీనియర్ రెసిడెంట్ జీతం ఇవ్వాలి, ఆ ఏళ్లని టీచింగ్ అనుభవంగా లెక్కకట్టాలి. ఇండియా అలయన్స్ లాంటి సంస్థలు డాక్టర్లకి జీతంతో కూడిన ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి, కానీ అవి పోటీలో నెగ్గిన కొద్దిమందికే. మీరు కూడా ఈ డిమాండ్ చెయ్యండి. ఫీజుల గురించి అడుగుతారు, సీట్ల గురించి అడుగుతారు, దీని గురించీ అడగండి.

రెండు పడవల మీద కాళ్లు అని చుట్టాలు అంటారు. రెండు రోజులు వార్డు, మూడు రోజులు ల్యాబ్ అని కుదిరిన చోట ఇద్దరు గురువులు ఉంటారు, ఒకరు క్లినిక్‌లో, ఒకరు ల్యాబ్‌లో. వాళ్లిద్దరూ నెలకోసారైనా ఒకే బల్ల దగ్గర కూర్చుని మీ పని చూడాలి. అది జరిగితే పడవ ఒకటే అవుతుంది.

ఓపిక గురించి కూడా తెలిసి ఉండాలి. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల డాక్టరు ఎం.కె. భాన్ గమనించింది చిన్న విషయమే: ఆస్పత్రి నర్సరీలో కొందరు పసికందులకి విరేచనాలు తెప్పించే రోటావైరస్ సోకినా విరేచనాలు కావడం లేదు. ఆ వైరస్‌నే దాచి, పెంచి, హైదరాబాద్ భారత్ బయోటెక్‌తో కలిసి టీకా చేశారు. జాతీయ టీకాల కార్యక్రమంలోకి వచ్చింది 2016లో, మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ముప్ఫై ఏళ్లు పట్టింది. మీ ఇళ్లల్లో చిన్నపిల్లలుంటే టీకా కార్డు తీసి చూడండి.

ఇక్కడ ఒక అమ్మాయి చీటీ పంపింది. మూడో సంవత్సరం ఎంబీబీఎస్, రిసెర్చ్ ఇష్టం, మార్కులు అంతంతమాత్రం, నీట్ పీజీకి చదవాలా, ల్యాబ్‌కి వెళ్లాలా అని. అమ్మా, నీట్ పీజీకి చదువు. మన దగ్గర ఎండీ లేకుండా వార్డు మీద హక్కు రాదు, వార్డు లేకుండా నీ ప్రశ్న నీకు దొరకదు. చదువుతూనే ఐసీఎంఆర్ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి అప్లై చెయ్యి. 1979 నుంచీ ఉంది, రెండు నెలల ప్రాజెక్టు, మీ కాలేజీ ప్రొఫెసరే గైడ్‌గా ఉండొచ్చు. ఆ రెండు నెలల్లో నీకు ఈ పని పడుతుందో లేదో తెలిసిపోతుంది. పడకపోతే మంచి డాక్టరువి అవుతావు, దానికేమీ తక్కువ లేదు.

పీజీల్లో చేరినవాళ్లకి ఒక పని. బయోమెడికల్ రిసెర్చ్ బేసిక్ కోర్సు ఎలాగూ చెయ్యాలి, నడిపేది మన చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీయే. దాన్ని సర్టిఫికెట్ కోసం కాకుండా మనసు పెట్టి వినండి. థీసిస్ ఎలా చేస్తారో రాసే ప్రోటోకాల్ ఇవ్వడానికి ముందు ఒక నెలపాటు రౌండ్స్‌లో జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, ఎందుకు అనిపించిన ప్రతిదీ రాసుకోండి. అందులో సగానికి జవాబు టెక్స్ట్‌బుక్‌లో దొరుకుతుంది. దొరకనివాటిలో ఒకటి మీ ఆస్పత్రిలో, మీ మూడేళ్లలో తేల్చగలిగేదై ఉంటుంది. గైడ్‌తో మాట్లాడటానికి మొహమాటంగా ఉంటే నాకు చూపించండి. నేను సభ అయ్యాక ఏడున్నర దాకా ఇక్కడే ఉంటాను.